స్కానింగ్‌లో ఏమీ లేదంటే జబ్బు లేనట్టేనా?



మా ఓ.పి.లో ఒక మాట తరచుగా వింటూ ఉంటాము. "సిస్టరమ్మా, తలకు స్కానింగ్ తీయించాము. అంతా నార్మలే అన్నారు. మరి వీడికి జబ్బెక్కడిది? అంతా నటన!" పక్కనే తల వంచుకొని కూర్చున్న కొడుకు ఏమీ అనడు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది. ఆ స్కానింగ్ డబ్బు చాలాసార్లు అప్పు తెచ్చినదే. ఇంత ఖర్చు పెట్టినా జబ్బు పేరు దొరకలేదే అన్న కోపమంతా ఆ పిల్లవాడి మీదకు పోతుంది.

దాచకుండా చెప్పాలంటే, ట్రైనింగ్ రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాము. మంచం దిగని, స్నానం చేయని, పిలిచినా పలకని రోగిని చూసి "ఒళ్ళు బద్ధకం" అని విసుక్కున్న రోజులున్నాయి. మేము డిప్లొమా చదివిన నర్సులమే గానీ పరిశోధకులము కాము. అయినా మా అభిప్రాయం మార్చుకోవడానికి కారణమైన ఒక శాస్త్రవేత్త గురించి ఈసారి మీకు చెప్పాలనుకున్నాము.

ఆమె పేరు డాక్టర్ నాన్సీ ఆండ్రియాసెన్. 1938లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ నగరంలో పుట్టారు. ఆమె మొదట చదివింది వైద్యం కాదు, ఇంగ్లీషు సాహిత్యం. అందులో డాక్టరేట్ చేసి, అయోవా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. జాన్ డన్ అనే పాతకాలపు ఇంగ్లీషు కవి మీద పుస్తకం కూడా వ్రాశారు. 1964లో మొదటి కాన్పు తర్వాత ఆమెకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణం మీదికి వచ్చింది. యాంటీబయాటిక్ మందులు లేని రోజుల్లో ఎందరో బాలింతలను పొట్టన పెట్టుకున్న రోగం అది. లేబర్ వార్డులో పనిచేసిన మాకు ఆ భయం ఏమిటో తెలుసు. బ్రతికి బయటపడిన ఆమె, తన మిగతా జీవితం ఇతరుల ప్రాణాలకు పనికి రావాలని నిర్ణయించుకున్నారు. చంటిబిడ్డ తల్లి మళ్ళీ విద్యార్థిని అయ్యారు. 1970లో వైద్యపట్టా పుచ్చుకొని మానసిక వైద్యంలో చేరారు.

ఆమె ఎక్కువగా పనిచేసింది స్కిజోఫ్రీనియా అనే జబ్బు మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. ఎక్కువగా యౌవనంలోనే మొదలవుతుంది. ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, ఎవరో తనకు హాని చేస్తున్నారని గట్టిగా నమ్మడం, ఇవి అందరికీ తెలిసిన లక్షణాలు. ఇంకొక రకం లక్షణాలూ ఉన్నాయి. మాట తగ్గిపోతుంది. ముఖంలో భావం కనబడదు. ఏ పనికీ మనసు లేవదు. ఇష్టమైన వాటిలో కూడా సంతోషం ఉండదు. ఒక విషయం మీద దృష్టి నిలవదు. డాక్టర్ ఆండ్రియాసెన్ ఈ రెండవ రకం లక్షణాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఎంత తీవ్రంగా ఉన్నాయో కొలిచే పద్ధతిని 1980ల మొదట్లో తయారు చేశారు. ఎన్నో దేశాలలో మానసిక వైద్యులు దానిని ఉపయోగించారు. మేము "బద్ధకం" అని విసుక్కున్నది ఆ పట్టికలోని లక్షణాన్నే. ఈ సంగతి తెలిసిన రోజున మాకు సిగ్గు వేసింది.

ఇక స్కానింగ్ విషయానికి వద్దాము. 1976లో లండన్‌లో డాక్టర్ ఈవ్ జాన్‌స్టన్, ఆమె తోటివారు దీర్ఘకాలంగా ఆసుపత్రిలో ఉన్న స్కిజోఫ్రీనియా రోగులకు సి.టి. స్కాన్ తీసి, మెదడు లోపల నీరు ఉండే గదులు కొంచెం పెద్దవిగా ఉన్నాయని చూపించారు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. దానితో స్కిజోఫ్రీనియా రోగుల మెదడును కొలిచిన తొలి పరిశోధకులలో డాక్టర్ ఆండ్రియాసెన్ ఒకరు. 1986లో ఆ ఫలితాలు ప్రచురించారు. 1994లో ఎందరో రోగుల చిత్రాలను కలిపి ఒక సగటు మెదడు చిత్రాన్ని, ఆరోగ్యవంతుల చిత్రాలను కలిపి మరొక సగటు చిత్రాన్ని తయారుచేసి పోల్చారు. మెదడు మధ్యలో, సమాచారాన్ని అటూ ఇటూ చేరవేసే థాలమస్ అనే భాగంలో తేడా కనబడింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ తేడా సగటులో కనబడిన తేడా. మగవారి సగటు ఎత్తు ఆడవారి కంటే ఎక్కువ. ఆ సంగతి నిజమే. కానీ "ఒక మనిషి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు" అని మాత్రమే చెబితే, ఆ మనిషి మగో ఆడో మీరు చెప్పగలరా? స్కానింగ్ కూడా అంతే. వందల మందిని కలిపి చూస్తే తేడా తెలుస్తుంది. మీ ఒక్క అబ్బాయి ఫిల్ము చూసి జబ్బు ఉందనీ చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. ఈనాటికీ స్కిజోఫ్రీనియాను డాక్టరుగారు గుర్తించేది రోగితో మాట్లాడి, ఇంటివారిని అడిగి, కొంతకాలం గమనించిన తర్వాతే. మరి స్కానింగ్ ఎందుకు వ్రాస్తారు? గడ్డ, పాత దెబ్బ, ఇన్‌ఫెక్షన్ వంటి వేరే కారణం లేదని తెలుసుకోవడానికి. కాబట్టి "నార్మల్" అంటే ఆ కారణాలు లేవని అర్థం. "నటిస్తున్నాడు" అని కాదు.

తల్లులకు ఒక మాట. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైఖ్‌మన్ అనే ప్రసిద్ధ వైద్యురాలి వ్రాతలతో, తల్లి పెంపకం వలనే ఈ జబ్బు వస్తుందనే అభిప్రాయం ప్రచారంలోకి వచ్చింది. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. ఇది మెదడుకు సంబంధించిన జబ్బు అని చూపించిన పరిశోధనల వలన ఆ నింద తొలగింది. మన ఊళ్ళలో మాత్రం నింద ఇంకా పోలేదు. చేతబడి అంటారు, దయ్యం అంటారు, "ఎర్రగడ్డకు పంపండి" అని హేళన చేస్తారు. "పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు" అని ఏమీ తెలియని ఒక ఆడపిల్లను తెచ్చి ఆ ఇంట్లో పెడతారు. పెళ్ళి ఈ జబ్బుకు మందు కాదు. ప్రార్థన మానమని మేము అనము. ప్రార్థన చేస్తూనే మాత్ర కూడా వేయండి అంటాము.

మాత్రల గురించి కూడా డాక్టర్ ఆండ్రియాసెన్ నుండి నేర్చుకోవలసింది ఉంది. జబ్బు కొత్తగా మొదలైన రోగులను అయోవాలో ఆమె బృందం ఏళ్ళ తరబడి గమనిస్తూ, మధ్య మధ్య ఎం.ఆర్.ఐ. తీస్తూ వచ్చింది. 2011లో 211 మంది రోగుల 674 స్కానింగ్‌ల ఫలితాలు బయటకు వచ్చాయి. మందులు ఎక్కువగా వాడినవారిలో మెదడు కణజాలం కొంచెం ఎక్కువగా తగ్గినట్టు కనబడింది. జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. ఇది చెబితే అవసరమైనవారు మందులు మానేస్తారేమోనని ఆమె భయపడ్డారు. ఒకటికి రెండుసార్లు సరి చూసుకోవడానికి సుమారు రెండేళ్ళు ఆగారు. కానీ దాచలేదు. 2013లో ఇంకొక ఫలితం చెప్పారు: జబ్బు తిరగబెట్టి ఎక్కువ కాలం ఉన్నవారిలో కూడా మెదడు కణజాలం ఎక్కువగా తగ్గింది. అంటే మందు అతిగా వాడితే ఒక నష్టం, మానేసి జబ్బును తిరగబెట్టించుకుంటే మరొక నష్టం. అందుకే రోగాన్ని అదుపులో ఉంచే అతి తక్కువ మోతాదు కావాలి. ఆ మోతాదు నిర్ణయించవలసింది డాక్టరుగారు. పక్కింటివారు కాదు, మెడికల్ షాపు అబ్బాయి కాదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. డాక్టరుగారు వ్రాయకుండా జబ్బు పేరు కోసం మీ అంతట మీరు స్కానింగ్‌కు అప్పు చేయవద్దు. ఆ డబ్బు నెలనెలా మందులకు, బస్సు చార్జీలకు ఉంచండి. చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, బరువు పెరగడం కనబడితే మాత్రలు మానకుండా వెంటనే మాకు చెప్పండి, మోతాదు మార్చే వీలుంటుంది. పిల్లవాడు లేచి ముఖం కడుక్కున్నా అది ఆ రోజుకు పెద్ద పనే అని గుర్తించండి. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది 2022లో మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్.

డాక్టర్ ఆండ్రియాసెన్‌కు 2000 సంవత్సరపు అమెరికా జాతీయ సైన్స్ పతకం లభించింది. అంతకంటే మాకు నచ్చింది, తన పరిశోధనలో తేలిన నచ్చని నిజాన్ని కూడా ఆమె రోగుల ముందు పెట్టడం. మేము కూడా మీకు నిజమే చెప్పాలనుకుంటున్నాము. ఈసారి స్కానింగ్ కవరు పట్టుకొని ఓ.పి.కి వచ్చినప్పుడు, "వీడికి ఏమీ లేదట" అని మాతో చెప్పే ముందు, పక్కన కూర్చున్న బిడ్డను ఒక్కసారి "నీకు ఎలా ఉంది నాయనా?" అని అడగండి. జవాబు రావడానికి కొంత సేపు పట్టవచ్చు. మేము ఆగుతాము.