కథ ఆగినచోట చదువరి

సంపుటములుగా వెలువడు గ్రంథమునకు మొదటి సంపుటము పరిచయము, కడపటిది ఫలము. పరీక్ష యంతయు నడిమి సంపుటమునకే. క్రొత్తదనపు టాకర్షణ అప్పటికి తీరిపోవును. ముగింపు చూడవలెనను తొందర యింకను పుట్టియుండదు. అట్టి చోట రచయిత కథ నాపి తత్త్వబోధకు దిగినచో చదువరి యేమి చేయవలెను? ఈ ప్రశ్నను విచారించుటకు ఆంగ్ల రచయిత ఆలన్ మూర్ రచించిన 'ప్రొమీథియా' అను బొమ్మల నవల తగిన ఉదాహరణము.

1999 నుండి 2005 వరకు అమెరికాలో 32 సంచికలుగా వెలువడిన యీ గ్రంథము 5 సంపుటములుగా కూర్పబడినది. ముఖ్య చిత్రకారుడు జె. హెచ్. విలియమ్స్. న్యూయార్కు నగరమున చదువుకొను సోఫీ బాంగ్స్ అను విద్యార్థిని, ప్రొమీథియా యను పాత్ర వేర్వేరు కాలముల రచనలలో మరల మరల ఏల కనిపించుచున్నదో పరిశోధించుచు, తుదకు ఒక కవిత వ్రాసి తానే ఆ పాత్రగా మారును. మొదటి రెండు సంపుటములలో పోరాటములు, హాస్యము, ఉత్కంఠ కలవు. వీరగాథల కలవాటుపడిన వారికి అవి సులభముగనే రుచించినవి.

మూడవ సంపుటముతో దారి మారినది. సోఫీకి ముందు ప్రొమీథియాగా నుండి మరణించిన బార్బరా, పరలోకమున తన భర్తను వెదకుచు బయలుదేరును. సోఫీ ఆమెకు తోడుపోవును. ఆ యాత్రకు పటము యూదుల మర్మవిద్యయైన కబ్బాలాలోని జీవవృక్షము. దానికి 10 గోళములు. వానిని కలుపు మార్గములు 22. ఇంచుమించు గోళమున కొక సంచిక చొప్పున 13వ సంచిక నుండి 23వ సంచిక వరకు యాత్ర సాగినది. గోళము మారినప్పుడెల్ల రంగులును, చిత్రణరీతియు మారును. భూలోకపు కథ నడుమ నడుమ తొంగిచూచి పోవును.

ఇచ్చట చదువరులు రెండు పక్షములైరి. కథ కొనవచ్చిన వారికి పాఠము చెప్పుచున్నారని ఒక పక్షము వారి యాక్షేపణ. వారిలో కొందరు సంచికలు కొనుటయే మానుకొనిరి. రెండవ పక్షము వారు ప్రతి పుటను చిత్రశాలవలె చూచి మురిసిపోయిరి. తత్త్వోపన్యాసము లేని బొమ్మల పుస్తకములు వేయి యుండగా, ఉన్నది ఒక్కటి యుండరాదా యని మూర్ సమాధానము. సమాధానము చమత్కారముగ నున్నది గాని చాలదు. గ్రంథమునకు ఉండు హక్కు కలదనుట వేరు. అది బాగున్నదనుట వేరు.

నా యభిప్రాయమున ఆక్షేపించినవారు సగము సత్యము చెప్పిరి. 15వ సంచికలో ఇరువురు స్త్రీలును మెలిపడిన పట్టీవంటి దారిపై నడచుచుందురు. దారి తిరిగి తిరిగి మొదటికే వచ్చును. వారి మాటలును అట్లే తిరుగును. అది బుద్ధికి చెందిన గోళము. బుద్ధి తన చుట్టు తానే తిరుగు తీరును చదువరి కన్ను అనుభవించును. అచ్చట పాఠమును బొమ్మయు ఒక్కటే. కాని మరికొన్ని తావుల పాత్రలు నిలుచుండి, ఈ గ్రహమున కీ దేవత, ఈ సంఖ్య యని ఒకరికొకరు వివరించుకొందురు. అచ్చట విసిగిన చదువరిని తప్పుపట్టలేము.

కథ ఆగుట మనకు క్రొత్తగాదు. సంస్కృత భారతము యుద్ధారంభమున 18 అధ్యాయముల గీతకై నిలిచినది. తిక్కన ఆ ఘట్టమును మిక్కిలి సంగ్రహించి కథను నడిపించెను. వ్యాసుడు ఆగుటయు, తిక్కన సాగుటయు రెండును మనకు సమ్మతములే. కావున కథ ఆగవచ్చునా యని కాక, ఆగినందువలన కథకు ఏమి సమకూరినదని యడుగవలెను. గీత విన్న అర్జునుడు విల్లెత్తెను. ప్రొమీథియా కడపటి సంపుటమున ప్రళయము వచ్చును. అది లోకనాశము కాదు, లోకమును చూచు దృష్టి మారుట. ఆ దృష్టిని నడిమి సంపుటములు చదువరికి ముందుగనే అలవాటు చేసినవి. విడిచిపోయినవారు కోల్పోయిన దిదియే. ఐనను 2001లో ఆ సంచికలు చదువుచున్నవారికి 2005 నాటి ముగింపు తెలియు దారి లేదు.

ఇది పెద్దలకై వ్రాసిన గ్రంథము. బడిపిల్లల చేతికి తగినది కాదు. కాని దీని చదువరుల వివాదము ఉపాధ్యాయులకు పనికివచ్చును. 'నాకు బోధపడలేదు' అనుట ఒక విద్యార్థి నిజాయితీ. 'ఇందు బోధపడదగిన దేదియు లేదు' అనుట తీర్పు. తీర్పునకు సాక్ష్యము కావలెను. ఏ పుటలో ఆగితివి, అచ్చట గ్రంథకర్త యేమి చేయ ప్రయత్నించెను అని యడిగినచో, మొదటి మాట పలికినవాడు మరల పుస్తకము తెరచును. రెండవ మాట పలికినవాడు విమర్శ నేర్చుకొనును. ఇద్దరిని నోరు మూయించినచో ఇక మిగులునది పరీక్షకు వల్లించు చదువొక్కటే.