పట్టా చేతికి వచ్చింది, దారి చూపేదెవరు?

అయిదేళ్ల క్రితం విజయనగరంలో మా వీధి యువకుడొకడు డిగ్రీ పట్టా పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. తండ్రిది పంక్చర్ల దుకాణం. ఆ ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివాడు అతనే. "చాచా, ఇప్పుడు ఏ పరీక్ష రాయమంటారు?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపిన నాకు తెలిసిన దారి ఒక్కటే. గ్రూప్-4కు సిద్ధపడమన్నాను, అది కాకపోతే గల్ఫ్ ఉండనే ఉందన్నాను. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనను. కాని అది చాలా ఇరుకైన సలహా.

పరీక్షలు కలిసిరాక అతడు విశాఖపట్నంలో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరాడు. బి.కాం. చదివింది ఇందుకా అని ఇంటివారు నొచ్చుకున్నారు. నేనూ సంతోషించలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి యాజమాన్యం అతణ్ణి మార్కెటింగ్ విభాగానికి మార్చింది. ఆ పని ఏమిటో అతని నోట విన్నాకే నాకు కళ్లు తెరుచుకున్నాయి.

దసరా సెలవులకు బెంగాలీ కుటుంబాలు విశాఖకు, అరకుకు వస్తాయి. జైన యాత్రికులకు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని భోజనం కావాలి. అయ్యప్ప దీక్షలో ఉన్నవారికి తెల్లవారుజామున స్నానానికి, పూజకు వీలుండాలి. బౌద్ధ క్షేత్రాలు చూడవచ్చేవారికి శాలిహుండం, రామతీర్థం దారి చెప్పే మనిషి కావాలి. రంజాన్‌లో ప్రయాణించే ముస్లిం కుటుంబానికి సహరీ వేళకు అన్నం, ఖిబ్లా దిశ, మాంసం హలాలా కాదా అన్నదానికి నిజమైన జవాబు కావాలి. ఎవరికి ఏమి ఇవ్వగలమో ముందుగానే నిజాయితీగా చెప్పడం, చెప్పినది వంటగదిలో జరిగేలా చూడటం: ఇదే అతని ఉద్యోగం.

ఈ విద్య అతడు ఎక్కడ నేర్చుకున్నాడు? విజయనగరంలోని ఖాదర్ బాబా దర్గా పరిసరాల్లో పెరిగినవాడు. ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. చిన్ననాటి నుంచి వచ్చినవారికి తెలుగులోనో, ఉర్దూలోనో, వచ్చీరాని ఒడియాలోనో దారి చెప్పినవాడు. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం జనాభాలో ఒక్క శాతానికీ చేరము. పైడితల్లి సిరిమానోత్సవం ఎప్పుడో, పొరుగింటివారు ఏ రోజు మాంసం ముట్టరో తెలియకుండా ఇక్కడ మనకు బతుకు సాగదు. కొద్దిమందిగా బతకడం మనకు ఒక లోటనే ఇన్నాళ్లూ అనుకున్నాం. ఇతరుల ఆచారం ఎరిగి మసలుకోవడం ఒక నైపుణ్యమని, దానికి జీతం కూడా ఉంటుందని మనకు ఎవరూ చెప్పలేదు.

ప్రపంచం ఈ సంగతి ముందే గ్రహించింది. ముస్లిం యాత్రికుల కోసం మలేషియా 2009లోనే ఇస్లామిక్ పర్యాటక కేంద్రాన్ని నెలకొల్పింది. ముస్లింలు బహు కొద్దిమంది ఉన్న జపాన్‌లో విమానాశ్రయాల్లో నమాజు గదులు ఏర్పడ్డాయి. ఇక్కడ భోగాపురం విమానాశ్రయంతో కొత్త హోటళ్లు వస్తాయన్న ఆశ ఉంది. ఆ కొలువుల్లో మన పిల్లలు ఎందరుంటారన్నదే నా ప్రశ్న.

మన పట్టభద్రులే తక్కువ. ముస్లింలలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు 4 శాతం లోపేనని, దేశ సగటు సుమారు 7 శాతమని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ తరువాత బీసీ-ఇ రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పిల్లలను కళాశాల దాకా చేర్చాయి. కాని కళాశాల నుంచి కొలువు దాకా ఉన్న దారిలో పేరు అడ్డు వస్తోంది. ఒకే అర్హతలతో వేర్వేరు పేర్లు పెట్టి పంపిన దరఖాస్తుల్లో ముస్లిం పేరున్న వాటికి ప్రైవేటు సంస్థల నుంచి పిలుపులు తక్కువగా వచ్చాయని సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో చూపించారు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. అందుకే సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్‌ను సిఫారసు చేసింది. మాధవ మీనన్ నిపుణుల బృందం 2008లో దానికి రూపం కూడా ఇచ్చింది. ఆ కమిషన్ నేటికీ రాలేదు. దానిని అడుగుతూనే ఉండాలి.

మరొక జాగ్రత్త. ముస్లిం పేరున్నవాడు కనుక ముస్లిం అతిథులను మాత్రమే చూసుకొమ్మంటే అది గౌరవం కాదు, మరొక గోడ. బెంగాలీ కుటుంబానికీ జైన యాత్రికునికీ మన యువకుడే సమాధానం చెప్పగలిగినప్పుడే అది సమాన అవకాశం.

హోటల్ అనగానే మన పెద్దలు మద్యం మాట ఎత్తుతారు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయితే హోటల్లోని ప్రతి కొలువూ బార్‌లో ఉండదు. తన హద్దు ఏదో ఉద్యోగంలో చేరేనాడే మర్యాదగా చెప్పుకోవచ్చు. మా యువకుడు అలాగే చెప్పాడు. ఆడపిల్లల విషయంలోనూ రాత్రి వేళల పని, ప్రయాణం, హాస్టల్ గురించి అడిగి తెలుసుకోవాలి. వారి తరఫున మనమే ముందుగా కాదనడం న్యాయం కాదు.

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వాన్ని అడుగుదాం. మనం చేయగలిగింది కూడా ఉంది. ప్రతి మసీదు కమిటీ తన మహల్లాలోని పట్టభద్రుల జాబితా రాయాలి. నెలకొక సాయంత్రం, ఉద్యోగం చేస్తున్నవారిని పిలిచి పిల్లలతో మాట్లాడించాలి. ఇంటర్ చదివేవారికి హోటల్ మేనేజ్‌మెంట్ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉందని, హైదరాబాద్ విద్యానగర్‌లో ప్రభుత్వ రంగ విద్యాసంస్థ ఉందని చెప్పాలి. కొత్తగా విశాఖ వెళ్లే పిల్లవానికి మొదటి రెండు నెలల గది అద్దె సర్దాలి. చాలామంది వెనుదిరిగేది చదువు చాలక కాదు, ఆ రెండు నెలలు గడవక.

మొన్న ఈద్‌కు అతడు ఇంటికి వచ్చాడు. పక్క వీధి అమ్మాయి డిగ్రీ మార్కుల జాబితా పట్టుకొని సలహా కోసం వెళ్లింది. నా దగ్గరికి కాదు, అతని దగ్గరికి. నాకు చాలా సంతోషమైంది.