పతాకనిధియు, అంగడి గుమ్మమును

బీచుపల్లి యాంజనేయస్వామి దర్శనమునకు వచ్చువారును, కృష్ణవంతెన దాటి హైదరాబాదు, కర్నూలుల నడుమ ప్రయాణము సేయువారును ఆ గ్రామపు దుకాణములయొద్ద క్షణకాలము నిలుతురు. జనము నిలిచినచోటనే చందాడబ్బాయు నిలుచును. గుడిపేర నొకడు, రోగిపేర నొకడు, మాజీసైనికులపేర మఱియొకడు గుమ్మమున నిలిచి యడుగుచుండగా, విసిగిన వర్తకుడు చందాలు కూడదని పలక వ్రేలాడదీసిన నది వింత కాదు. కాని యా పలక మోసగానిని, అంగవిహీనుడైన సైనికుని పక్షమున వచ్చినవానిని నొక్కతీరుననే త్రిప్పిపంపును. ఇదియే మా విచారము.

సైనికసహాయార్థము విరాళములు గ్రహించుట మన ప్రభుత్వమే యేర్పఱచిన పద్ధతి. ఏటేట డిసెంబరు 7వ తేదిని పతాకదినముగా జరుపవలెనని 1949 ఆగస్టులో నిశ్చయింపబడెను. త్రివిధదళములకు గుర్తులుగా ఎఱుపు, ముదురునీలము, లేతనీలము గల చిన్నజెండాలను పంచి ఆనాడు ధనము గూర్తురు. 1993లో పెక్కు సైనికసంక్షేమనిధులను గలిపి యొక్క పతాకదిననిధిగా జేసిరి. వెన్నెముక దెబ్బతిని కదలలేని సైనికులకు ఆశ్రయమైన కిర్కీ కేంద్రమునకు సైతము దీనినుండి సహాయ మందుచున్నది.

ఈ సొమ్మెచటికి బోవునని యడుగుట సైనికునికి అపచారమని కొందఱందురు. మే మంగీకరింపము. ఆంగ్లపాలనమున సింహళద్వీపమందు నవంబరు 11వ తేదిని గసగసాలపూవుల నమ్మి సైనికులపేర ధనము గూర్చెడివారు. అందధికభాగము బ్రిటిషు సైనికులకే పోవుచున్నదని యెఱిగి, 1930 తరువాతి దశాబ్దమున నచటి దేశీయులు సూరియపూవుల నమ్మసాగిరి. వారు సైనికద్వేషులు గారు. దాతసొమ్ముకు లెక్క యడిగినవారు. లెక్క యడుగు హక్కు లేనిచోట దానము పన్నుగా మాఱును.

కావున బీచుపల్లి వర్తకులు పలకను మాత్రము నమ్ముకొనక, అందఱు గలిసి యొక్క నియమము చేసికొనుట మేలు. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయపు అధికారపత్రము చూపవలెను. డబ్బాకు ముద్ర యుండవలెను. ఇచ్చినదానికి రసీదు ఈయవలెను. గుమ్మమున కడ్డుగాక ప్రక్కన నిలువవలెను, కొనుగోలుదారుని వెంటబడరాదు. గుమ్మము వర్తకునిది, కాదనుటకు ఆతనికి స్వాతంత్ర్యము గలదు. అయితే చుట్టమునకొక న్యాయము, పరునికొక న్యాయము పనికిరాదు.

పత్రములేని వృద్ధసైనికుడే స్వయముగా వచ్చినచో నేమిచేయవలె నందురా? ఆతనిని కసరిపంపరాదు, చేతిలో నాణెమువైచి మఱచిపోవనురాదు. సైనికసంక్షేమ కార్యాలయమునకు దారిచూపి, అర్జీ వ్రాసిపెట్టి పంపవలెను. నాణెము ఒకపూటకు చాలును. ఆతనికి న్యాయముగా రావలసిన పింఛను జీవితాంతము నిలుచును.

చందా యెంత వచ్చినను ప్రభుత్వము బాధ్యత తీఱదు. ప్రజలిచ్చునది కృతజ్ఞత; ప్రభుత్వ మీయవలసినది ఋణము. సరిహద్దున మనకు కావలియున్నవాడు మన గుమ్మమున యాచకుడుగా నిలువరాదు. ఆతనిపేర నిలుచువాడు పత్రము చూపి, తలయెత్తి నిలువగల తావు నేర్పఱచుట వర్తకుల ధర్మము.