నాగలి మిగలని లెక్క

“రైతు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదు” అన్నది మన పెద్దల సామెత. వరి గిట్టుబాటు కాదనీ, ఉన్న ఎకరమో రెండెకరాలో జీడితోటకు మార్చడమే మేలనీ మా పలాస, టెక్కలి ప్రాంతాలలో వాదించేవారు ఈ సామెతనే ఆధారంగా చూపుతుంటారు. నా మనవి వేరు.

ముందుగా లెక్కే చూద్దాము. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. చేతిఖర్చులకు ఇంటివారి శ్రమ విలువను కూడా కలిపి దేశ సగటున కట్టిన సాగువ్యయం 1,579 రూపాయలు. మిగులు 790. ఎకరాకు 20 క్వింటాళ్ళు పండి, ప్రతి గింజా ఆ ధరకే అమ్ముడుపోయిందనుకున్నా, తొలకరి నుండి నూర్పుల దాకా కనిపెట్టుకొని ఉన్నందుకు దక్కేది 15,800 రూపాయలు. సొంత భూమికి కట్టవలసిన కౌలు విలువ, సొంత పెట్టుబడిపై వడ్డీ ఆ వ్యయంలో చేరనే లేదు. కనుక ధర ఎంత పెంచినా ఎకరం వరి ఒక కుటుంబాన్ని పోషించదన్నది నిజమే.

అయితే తోట పోషిస్తుందా? 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడిచెట్లను కూకటివేళ్ళతో పెకలించింది. వరి పోతే పోయేది ఒక్క పంట. చెట్టు పోతే, మళ్ళీ నాటి కాపు చూడడానికి ఏళ్ళు పడుతుంది. పైగా ధర పడిపోయిన ఏడాది జీడిపిక్కలను వండుకొని తినలేము. ధాన్యం అమ్ముడుపోకపోయినా ఇంట అన్నమవుతుంది, గడ్డి పశువుకు మేతవుతుంది.

అందుచేత చిన్న రైతు వరిని వ్యాపారంగా కాక, ముందు ఇంటి గాదె కోసం పండించుకోవాలనీ, మిగిలినదే అమ్ముకోవాలనీ నా అభిప్రాయం. కోతల తరువాత పదునుండగానే మినుములో పెసలో చల్లుకుంటే నాలుగు డబ్బులు కళ్ళజూడవచ్చు. గరువు భూమిని జీడికి వదలవచ్చును గాని, పల్లపు మడిని వదలరాదు.

ప్రభుత్వం చేయవలసినవీ ఉన్నాయి. గొట్టా బ్యారేజీ నుండి వచ్చే వంశధార ఎడమ కాలువ నీరు ఉభాల వేళకు శివారు పొలాలకు చేరాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకం ఉంటేనే కౌలురైతును గుర్తించింది. ఆ సంతకం దొరకనివారికి మరొక దారి చూపాలి.

వ్యవసాయమన్న సంస్కృత పదానికి ప్రయత్నమనీ, నిశ్చయమనీ అర్థం. ఆ నిశ్చయం మా రైతులలో ఇంకా ఉంది. సకాలంలో నీరందకపోతే, అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము.