కాస్త ఇటు తిరగమ్మా!

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొడుకు వచ్చి, కూర్గు అడవుల్లో తీసిన ఫోటో ఒకటి ఫోన్లో చూపించాడు. నల్లటి ముఖమల్ మీద బంగారం పోసినట్టున్న రెక్కలు. కర్ణాటక వాళ్ళు తమ రాష్ట్ర సీతాకోకచిలుకగా చెప్పుకునే సదరన్ బర్డ్‌వింగ్ అది. దక్షిణాది అడవుల్లో తప్ప కనబడదు. రెక్కలు చాపితే 14 నుంచి 19 సెంటీమీటర్లు ఉంటుందట!

"అబ్బ! ఇంత దగ్గరగా ఎలా కూర్చుందిరా?" అన్నాను.

"కూర్చోవడమేమిటత్తయ్యా, కూర్చోబెట్టాం. వలతో పట్టి, డబ్బాలో పెట్టి, కాసేపు ఐసులో ఉంచితే బుద్ధిగా ఉంటుంది" అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్ధిగా ఉండటమట! పొద్దున్నే ఎండలో రెక్కలు విప్పుకుని ఒళ్ళు కాచుకుంటే గాని ఎగరలేని ప్రాణి అది. చలికి కొయ్యబారిపోయినదాన్ని పువ్వు మీద పెట్టి "ఎంత ముద్దుగా ఉందో" అంటే నాకు మన పెళ్ళిచూపులే గుర్తొచ్చాయి. తల ఎత్తమ్మా, కాస్త ఇటు తిరగమ్మా! భయంతో బిగుసుకుపోయి కూర్చుంటే, ఎంత అణకువో అని మెచ్చుకున్నవాళ్ళని మనం చూడలేదూ?

పట్టుకుంటే వేళ్ళకంటే రంగుపొడి పుప్పొడి కాదు, రెక్కల మీది పొలుసులు. ఊడినవి మళ్ళీ రావు. వాగు ఒడ్డున తడి ఇసక మీద గుంపుగా వాలేవి షికారుకొచ్చినవీ కావు. వాటిలో ఎక్కువ మగవే. ఆ తడిలోని ఉప్పుని పీల్చుకుని, జతకట్టినప్పుడు ఆడదానికి అందిస్తాయి. అది పుట్టబోయే పిల్లల పాలు. అలాంటి చోట కెమేరాలతో పదిమంది బోర్లా పడుకుంటే అవి ఎక్కడికి పోవాలి?

బర్డ్‌వింగ్ పురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి జాతి తీగల ఆకులు తింటుంది. ఆ ఆకు విషం ఒంట్లో నిలవుండబట్టి పిట్టలు దాని జోలికి పోవు. ఒకసారి నోరు చేదైన పిట్టకున్న పాటి జ్ఞానం మనకి లేకపోయె!

"ఫోటోలు తియ్యకపోతే జనానికి వాటి మీద ప్రేమ ఎలా పుడుతుంది?" అన్నాడు మావాడు. తియ్యొద్దని ఎవరన్నారు? తెల్లవారుతూనే వెళ్ళు. అది ఎండ కాగే వేళకి, నీ నీడ దాని మీద పడకుండా, దూరం నుంచి తీసే లెన్సు పెట్టుకుని కూర్చో. రాకపోతే ఇంటికి రా. "అంత ఓపిక ఎవరికుందత్తయ్యా?" అంటే, ఓపిక లేనివాడికి ఆ ఫోటో ఎందుకు?

వాణ్ణి కోప్పడి పెరట్లోకి వెళ్ళానా, కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ పురుగు. ఎన్నేళ్ళుగానో చీపురుపుల్లతో తీసి పారేస్తూనే ఉన్నాను. అదీ సీతాకోకచిలుక కావలసిందే! వాడు అడవిలో చేసింది నేను పెరట్లో చేస్తున్నానన్నమాట.

ఆ రోజు చారులోకి కరివేపాకు లేదు. ఎవరూ చచ్చిపోలేదు.