పిల్లల దొంగలని పేరు పెట్టిందెవరు?

2018 మే 26, శనివారం రాత్రి. రంజాన్ నెల నడుస్తున్నది. పాలమూరు నుంచి నలుగురు హిజ్రాలు పట్నం పోయిన్రు. రంజాన్ల దానం చేసేటోళ్లు ఉంటరు, నాలుగు పైసలు దొరుకుతయని పోయిన్రు. చాంద్రాయణగుట్ట కాడ గుంపు చుట్టుముట్టింది. వీళ్లు పిల్లలను ఎత్తుకపోయేటోళ్లని ఎవడో అన్నడు. అది నిజమా అని అడిగినోడు లేడు. రాళ్లతోని కొట్టిన్రు. పోలీసులు వచ్చి విడిపించేలోపల ఒక మనిషి పాణం పోయింది. వాళ్లు ఏ పిల్లనూ ఎత్తుకపోలేదు. అంతా ఉత్త పుకారే.

పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకొని పోయినోళ్లు శవాలై తిరిగి రావుడు మనకు కొత్త కాదు. బొంబాయి, పూనా పోయి, ప్రాజెక్టుల కాడ మట్టి మోసి చచ్చినోళ్ల శవాలకు మన సంఘాలు ఎదురుపోయినయి. నష్టపరిహారం కోసం రోడ్డు మీద కూసున్నయి. మరి ఈ శవానికి ఎదురుపోయిన సంఘం ఏది? మా సంఘమైతే పోలేదు. పేపర్ల సదివి, అయ్యో అనుకొని పేజీ తిప్పినం. ఈ మాట రాయడానికి మాకు ఇన్నేండ్లు పట్టింది.

ఆ ఎండకాలం మన రెండు జిల్లాల ఎట్లుండెనో యాది చేసుకోండి. "పార్థీ గ్యాంగ్ దిగిందంట, పిల్లలను ఎత్తుకపోతరంట, కిడ్నీలు తీస్తరంట" అని ఫోన్లకు మెసేజీలు వచ్చినయి. ఎక్కడివో రక్తం కారే వీడియోలు వచ్చినయి. జనం ఆరుబయట పండుకునుడు బంద్ పెట్టిన్రు. కర్రలు పట్టుకొని రాత్రుళ్లు కాపలా కాసిన్రు. బీబీనగర్ మండలం జియాపల్లిల, మన పాత నల్లగొండ జిల్లానే, దొంగ అనే అనుమానంతోని ఒక ఆటో డ్రైవర్‌ను కొట్టి చంపిన్రు. నిజామాబాద్ దిక్కు మరొక పాణం పోయింది. పుకారు ఎవరిని చంపింది? రాత్రిపూట చుట్టాలింటికి పోయిన ఆటో డ్రైవర్‌ను. రంజాన్ల అడుక్కోను పోయిన హిజ్రాను. ఊర్లె పెద్ద మేడ ఉన్న ఒక్క ఆసామిని గూడ పిల్లల దొంగ అని ఎవరూ పట్టుకోలే!

అసలు పార్థీలంటే ఎవరు? 1871ల ఇంగ్లీషోడు నేరస్థ తెగల చట్టమని ఒకటి చేసిండు. కొన్ని కులాలల్ల పుడితే సాలు, దొంగ కిందనే లెక్క. పేరు రిజిస్టర్ల ఎక్కియ్యాలె, పోలీసుకు హాజరు చెప్పాలె. పార్థీలు ఆ లెక్కల ఉన్నోళ్లే. తెలుగు నేల మీద ఎరుకలోళ్లను స్టూవర్టుపురం సెటిల్మెంట్ల పెట్టింది గూడ ఈ నేరస్థ తెగల పేరు మీదనే. ఇది మన సంఘాలకు తెలిసిన చరిత్రనే. మనకు తెలవనిది ఇంకొకటుంది. అదే 1871 చట్టంల రెండో భాగం హిజ్రాల మీద. వాళ్ల పేర్లు గూడ రిజిస్టర్ల ఎక్కిచ్చిన్రు. ఆడబట్టలు కట్టుకొని బయట కనబడితే రెండేండ్ల దాకా జైలని రాసిన్రు. నేరస్థ తెగలను, హిజ్రాలను ఒకే చట్టంల రాసిన రాజ్యం మన కండ్ల ముందే ఉండె. మనం మాత్రం ఇద్దరినీ ఒక్కకాడ ఎన్నడూ చూడలే.

అది ఇంగ్లీషోని చట్టం. మన నిజాం రాజ్యం దాన్ని చూసి 1919ల, అంటే ఫసలీ 1329ల, ఇంకో చట్టం చేసింది. హైదరాబాద్‌ల ఉండే హిజ్రాల రిజిస్టర్ ఒకటి పెట్టాలంట. ఎవరి పేర్లు? పిల్లలను ఎత్తుకపోతరని, మగపిల్లలను కొజ్జాలు చేస్తరని అనుమానం ఉన్నోళ్ల పేర్లు. రిజిస్టర్ల పేరున్న హిజ్రా చీర కట్టుకొని, సొమ్ములు పెట్టుకొని రోడ్డు మీద కనబడితే వారంటు లేకుండ పట్టుకోవచ్చు. పదహారేండ్ల లోపు పిల్లగాడు వెంట ఉంటే అదీ నేరమే. చూసిన్రా? 2018ల ఫోన్ల తిరిగిన మాట, 1919ల సర్కారు రాసిన మాట ఒకటే మాట. వాట్సాప్ పుట్టింది 2009ల. అబద్ధం అంతకు తొంభై ఏండ్ల ముందే చట్టమై కూసున్నది.

ఇంకా సిగ్గుపడే సంగతి ఉంది. చాంద్రాయణగుట్టల ఆ మనిషి పాణం పోయిన రాత్రి ఆ నిజాం చట్టం ఇంకా బతికే ఉంది. రాజ్యాలు మారినయి, రాష్ట్రాలు మారినయి, రజాకార్లు పోయిన్రు, దొరలు పట్నం చేరిన్రు, చట్టం మాత్రం పుస్తకాలల్ల అట్లనే కూసున్నది. 2018ల వైజయంతి వసంత మొగ్లీ, ఇంకొందరు హైకోర్టుకు పోతే 2023 జూలై 6 నాడు కోర్టు దాన్ని కొట్టేసింది. హిజ్రాలకు ఆసరా పింఛన్ ఇవ్వాలన్నది, సదువుల్ల, కొలువుల్ల రిజర్వేషన్ పెట్టాలన్నది. ఆ చట్టాన్ని కొట్టేయమని కోర్టు మెట్లెక్కినోళ్లు హిజ్రాలే. మన వకీలు తమ్ముళ్లు కారు, మన సభల తీర్మానాలు కావు.

ఫోను అంటే పాడే, అది పాపిష్టిదని మేము రాస్తలేము. అట్ల రాస్తే అబద్ధమైతది. ఇరవై ఏండ్ల కింద మన ఊర్లల్ల చీర కట్టుకోవాలనిపించిన పిల్లగానికి ఎన్ని తొవ్వలుండె? తండ్రి చేతుల దెబ్బలు ఒకటి. ఎల్లమ్మ పేరు మీద శివసత్తి అయ్యుడు ఇంకొకటి. లేకపోతే బస్సెక్కి పట్నంల హిజ్రాల ఇంటికి చేరుడు. అసువంటి మనిషిని తానొక్కన్నే అనుకునేటోడు. నా లాగ ఇంకొకరు ఉన్నరు, నాకు రోగం కాదు అని చెప్పే నోరు లేకుండె. ఫోను ఆ మాట చెప్పింది. 2017ల రచన ముద్రబోయిన, ఆమె తోటోళ్లు హైదరాబాద్‌ల "ట్రాన్స్‌విజన్" అని యూట్యూబ్ ఛానల్ పెట్టి తెలుగుల, ఉర్దూల, కన్నడంల తమ సంగతి తామే చెప్పుకున్నరు. వాళ్ల గురించి సినిమావోడు చెప్పిండు, పేపరోడు చెప్పిండు, కమెడియన్లు నడుము తిప్పి చెప్పిన్రు. వాళ్లే చెప్పుకొనుడు అప్పుడు మొదలైంది. మన పత్రికలు ఎందుకు పుట్టినయో యాదికుంటే ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆడపిల్లగ పుట్టి మగోని లెక్క బతకాలనుకునేటోళ్లు గూడ ఉన్నరు. వాళ్లకు హిజ్రాల ఇల్లు గూడ లేదు. పద్దెనిమిది నిండకముందే పెండ్లి చేసి పంపుతరు. అసువంటోళ్లకు దిక్కు ఆ చేతుల ఫోనే. అదీ అన్న ఫోను, అన్న ఊర్ల లేనప్పుడు.

2020 నవంబర్‌ల కేంద్ర సర్కారు గుర్తింపు కార్డుల కోసం పోర్టల్ పెట్టింది. ఆఫీసుల పొంట తిరుగుడు తప్పిందన్నరు. పట్నం పిల్లలకు తప్పిందేమో. మనకాడ అది నింపాలంటే మీసేవకు పోవాలె. మీసేవల కూసున్నోడు ఊరోడే. ఫారం నింపంగనే సంగతి చౌరస్తాకు చేరుతది.

ఇప్పుడు మా బడి సంగతి చెప్తం. ఏ బడో రాయం. తొమ్మిదో తరగతి పిల్లగాడు, మన వాడ పిల్లగాడే. సదువుల మంచోడు, ఆటపాటల ఇంకా మంచోడు. బతుకమ్మ పండుగకు ఆడపిల్లల నడుమ ఆడిండు. ఎవడో వీడియో తీసిండు. దానికి నవ్వే బొమ్మలు పెట్టి, కొజ్జా పాట కలిపి ఊరి గ్రూపుల ఏసిండు. రెండు రోజులల్ల మూడు ఊర్లు తిరిగింది. వాళ్ల నాయిన దుబాయ్‌ల ఉంటడు, ఆయన ఫోనుకు గూడ పోయింది. పిల్లగాడు బడి బంద్ పెట్టిండు. మేము ఇంటికి పోయి తల్లిని అడిగితే, "సారూ, వాని మొఖం చూసి అందరు నవ్వుతున్నరు, ఎట్ల పంపాలె?" అన్నది. ఆ తల్లికి చెప్పనీకి మా తాన మాట లేకపాయె. ఇప్పుడు వాడు మేస్త్రీ కింద సిమెంట్ కలుపుతున్నడు.

ఆ వీడియో మాకు ఏ గ్రూపుల వచ్చిందో తెలుసా? మా సంఘం గ్రూపుల. పైన బాబాసాహెబ్ నీలం కోటు ఫోటో ఉంటది. ఏప్రిల్ 14 నాడు అందరం జై భీమ్ అని పెట్టుకుంటం. అదే గ్రూపుల పంతంగి టోల్‌గేట్ కాడ హిజ్రా ఎవరితోనో కొట్లాడిన వీడియో పడితే నలభై మంది నవ్వుతరు. పంపిన తమ్ముణ్ణి అడిగినం. "కామెడీ సార్, సీరియస్ ఎందుకు?" అన్నడు. మన తాతలను పేరు పెట్టి పిలిచి, ఒరేయ్ అని, తువ్వాల చంకల పెట్టిచ్చి నవ్విన దొరకు గూడ అది కామెడీనే. నవ్వేటోనికి ఎన్నడూ కామెడీనే. 1991ల చుండూరుల సినిమా హాల్ల కాలు తగిలిందనే సాకుతోని మొదలుపెట్టి ఎంత కథ అల్లిన్రు! మన పిల్లలు ఆడోళ్లను ఏడిపిస్తున్నరని ఊరూరా చెప్పిన్రు. ఆ కథ ముందు నడిచింది, గొడ్డళ్లు దాని వెనక నడిచినయి. అప్పుడు వాట్సాప్ లేదు గదా. మరి ఒకని మీద అబద్ధం తిరిగితే ఏమైతదో తెలిసిన జాతి మనది. మనమే పంపితే ఎట్ల?

కొందరు అన్నలు అంటరు, "హిజ్రాలు టోల్‌గేట్ల కాడ, దుకాణాల కాడ జులుం చేసి పైసలు గుంజుతరు గద, వాళ్లను ఎందుకు వెనకేసుకొస్తరు?" అని. గుంజేటోళ్లు లేరని మేము అనం. కని ఇంట్ల ఉండనియ్యరు, బడిల ఉండనియ్యరు, కూలికి పిలువరు, ఇల్లు కిరాయికియ్యరు. ఇన్ని తలుపులు మూసి, చేయి చాపితే తప్పంటరా? పని ఇస్తే చేస్తరా అనేటోళ్లు పట్నం పోయి చూడుండ్రి. 2024 డిసెంబర్‌ల 39 మందిని ట్రాఫిక్ డ్యూటీకి తీసుకున్నరు. ఎండల నిలబడి సీటీ ఊదిన్రు. 2022ల ఉస్మానియా దవాఖానల ఇద్దరు ట్రాన్స్‌జెండర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, డాక్టర్లుగ చేరిన్రు. మీ ఊర్ల ఒక్క అంగన్‌వాడీల, ఒక్క ఉపాధి హామీ మస్టర్ల ఎవరన్న ఉన్నరా, చెప్పుండ్రి.

యూట్యూబు ఛానళ్లోళ్ల సంగతి వేరే. మైకు పట్టుకొని, హిజ్రాను కూసోబెట్టి, నీ ఒళ్లు ఎట్ల కోసిన్రు, రాత్రి ఎంత సంపాదిస్తవు అని అడుగుతరు. కింద వేలమంది బూతులు రాస్తరు. బూతు ఎంత ఎక్కువైతే ఛానలోనికి పైస అంత ఎక్కువ. మన పాలమూరుల ఎల్లమ్మ పేరు చెప్పి మన బిడ్డలకు పొట్టు గట్టి జోగినీలను చేసినప్పుడు ఊరి కండ్లన్నీ ఆ బిడ్డ ఒంటి మీదనే ఉండె. 1988ల చట్టమొచ్చింది. కని ఆ కండ్లు పోలే, ఇప్పుడు ఫోన్ల నుంచి చూస్తున్నయి. కంపెనోళ్లు చేసిందేమున్నది? దేశమంతట పాణాలు పోయినంక, 2018 జూలైల, ఒక మెసేజీని ఒక్కసారికి అయిదుగురికి మించి పంపకుండ చేసిన్రు. అయిదుగురు అయిదుగురికి పంపితే ఊరు నిండదా? ఇగ సర్కారు 2019ల చట్టం చేసి, హిజ్రా మీద అత్యాచారం చేసినోనికి రెండేండ్లకు మించని శిక్ష రాసింది. మన బిడ్డల పాణానికి, మానానికి తక్కువ ధర కట్టుడు మనకు తెలియని సంగతా?

ఆ 2018 ఎండకాలంల గద్వాల దిక్కు ఒక మంచి పని జరిగింది. అక్కడి పోలీసు సూపరింటెండెంట్ రెమా రాజేశ్వరి ఊరూరికి కానిస్టేబుల్‌ను పంపి, పాటగాళ్లతోని పాడిచ్చి, డప్పు కొట్టిచ్చి, ఆ మెసేజీలు అబద్ధమని చాటింపు వేయించింది. ఆ ఊర్లల్ల పుకారుకు ఒక్క పాణం పోలేదు. పెద్ద పెద్ద పేపర్లు రాసినయి, ఫోను అబద్ధాన్ని డప్పు ఓడగొట్టిందని. మాకు సంతోషమే. కని ఒక ప్రశ్న మిగిలింది. ఆ డప్పు మనది. పోలీసు చెప్తే మోగింది గని మన సంఘాలు చెప్తే ఎందుకు మోగలే? చావుకు, జాతరకు, దొర కబురుకు కొట్టిన డప్పును దండోర ఉద్యమంల మన కోసం మనం కొట్టుకున్నం. హిజ్రా కోసం ఒక్క దెబ్బ కొట్టనీకి చెయ్యి ఎందుకు రాలేదు?

రిజర్వేషన్ సంగతిల గూడ మనం మేల్కోవాలె. 2014 ఏప్రిల్ 15 నాడు సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతులుగ చూడాలన్నది. మరి మాదిగ ఇంట్ల, మాల ఇంట్ల పుట్టిన హిజ్రా బీసీ అయితదా, ఎస్సీగనే ఉంటదా? ఒకటి వదులుకుంటేనే ఇంకొకటంటే ఎట్ల? ఎస్సీల ఎస్సీకి, బీసీల బీసీకి, ఏ కులంల పుట్టినోళ్లకు ఆ కులం కోటాలనే వాటా తీయాలని దళిత ట్రాన్స్‌జెండర్లు అడుగుతున్నరు. కర్ణాటక 2021ల సర్కారు కొలువులల్ల ఒక శాతం అట్ల ఇచ్చింది. మన దగ్గర వర్గీకరణ మీద ముప్పై ఏండ్లు మాట్లాడినోళ్లం, వాటా అంటే ఏందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ వాటా గురించి మన సభలల్ల ఒక్క ముక్క వినబడదు.

మా మండలం సంఘం పోయిన నెల కూసొని మాట్లాడింది. లొల్లి అయింది. ఇద్దరు లేచిపోయిన్రు. ఉన్నోళ్లం రెండు పనులు ఒప్పుకున్నం. హిజ్రాను, ఆడంగి నడక పిల్లగాణ్ణి ఎక్కిరిచ్చే వీడియో సంఘం గ్రూపుల ఎవరు పెట్టినా మొదటిసారి చెప్పాలె, రెండోసారి గ్రూపుల నుంచి తీసెయ్యాలె, వాడు అధ్యక్షుడైనా సరే. మీసేవకు గుర్తింపు కార్డు కోసం ఎవరు పోయినా సంఘం మనిషి ఒకరు వెంట పోవాలె. తొమ్మిదో తరగతి పిల్లగాని ఇంటికి ఈ ఆదివారం మళ్లీ పోతున్నం. ఓపెన్ స్కూల్ల పేరు రాయిద్దామని.

మీ ఊర్ల ఇటువంటి వీడియో తిరిగి ఎవరన్న బడి మానేసినా, ఊరు విడిచినా పత్రికకు ఉత్తరం రాయుండ్రి. ఊరి పేరు, వీడియో పంపినోని సంగతి రాయుండ్రి. బాధపడ్డ మనిషి పేరు మాత్రం రాయొద్దు.