లంబాలైన్ నుంచి విశాఖ వరకు: సముద్రపు గాలి లెక్క

శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, లంబాలైన్ విమానాశ్రయం వద్ద గాలి వేగం, దిశ నిరంతరం నమోదవుతాయి. అక్కడి నుంచి సముద్రంలోకి సాగితే మాత్రం గాలిని నేరుగా కొలిచే సాధనాలు అరుదు. అక్కడక్కడా లంగరు వేసిన బోయాలు, దారిన పోయే ఓడలే ఆధారం. తెలుగు తీరాన్ని తాకే తుపానుల్లో కొన్ని ముందుగా దాటేది ఈ దీవులనే. 2013 నవంబరులో అండమాన్‌ను దాటిన లెహర్, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా బలహీనపడింది. 2014 అక్టోబరు 8న లాంగ్ ఐలాండ్ సమీపంలో దీవులను దాటిన హుద్‌హుద్ మాత్రం అతి తీవ్ర తుపానుగా బలపడి, 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది.

హుద్‌హుద్ నాటికి కక్ష్యలో పనిచేస్తున్న భారతీయ స్కాటరోమీటర్ లేదు. ఓషన్‌శాట్-2లోని పరికరం అదే ఏడాది ఫిబ్రవరిలో మూగబోయింది. స్కాట్‌శాట్-1 ప్రయోగం జరిగింది 2016 సెప్టెంబరు 26న. ఆ విరామంలో ఐరోపా ఉపగ్రహాల కొలతలు అందుబాటులో ఉన్నాయి. ఆ తర్వాత 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్-3 ఎగిసింది.

నిజానికి స్కాటరోమీటర్ కొలిచేది గాలిని కాదు, నీటి గరుకుదనాన్ని. రాడార్ తరంగాలను పంపి, గాలి రేపిన చిరు అలలపై చెదిరి తిరిగొచ్చిన శక్తి నుంచి గాలిని లెక్కగడుతుంది. చిక్కేమిటంటే, ఒకే గరుకుదనానికి ఒకటికి మించిన దిశలు సరిపోతాయి. వాటిలో సరైనదాన్ని ఎంచడానికి వాతావరణ నమూనా ముందే వేసిన అంచనా తోడవుతుంది. ఆపైన రెండింటిలోనూ ఉండగల పొరపాటు ఎంతో చూసి, దేనికెంత విలువ ఇవ్వాలో తూకం వేస్తారు. ఉపగ్రహం చూడని గంటలను నమూనా పూరిస్తుంది. నమూనా తుపాను కేంద్రాన్ని తప్పుచోట ఉంచితే, ఆ పరిసరాల్లో దిశల ఎంపికా తప్పవచ్చు. భారత స్కాటరోమీటర్లు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను కుండపోత వాన కూడా చెదరగొడుతుంది. తుపానులో గాలి, వాన కలిసే వస్తాయి కదా!

దీవులవాసులకు అసలు లోటు మరొకటి. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోవడం వల్ల తీరానికి చేరువలోని కొలతలను చాలావరకు పక్కనపెట్టాల్సి వస్తుంది. ఇలాంటి సమ్మిళిత గాలి పటాల్లో ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు; అండమాన్‌లో ఎన్నో దీవులు అందులో ఇమిడిపోతాయి. అంటే నడిసముద్రంలో నమ్మదగిన లెక్క, జంగ్లీఘాట్ నుంచి వేటకు వెళ్లే తెలుగు మత్స్యకారుల పడవలు, స్వరాజ్ ద్వీపానికి తిరిగే ఫెర్రీలు ప్రయాణించే ఇరుకు జలాల్లో పలచబడుతుంది. కొండల మధ్య నుంచి దూసుకొచ్చే ఈదురుగాలి ఆ పటంలో కనిపించకపోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చిన్న పడవలకు ప్రత్యేక సలహాలు ఇస్తోంది. దీవుల మధ్య ఆ సలహాకు పదును రావాలంటే మరో ఉపగ్రహం కన్నా ముందు రేవుల్లో, జెట్టీలపై గాలిమాపకాలు పెరగాలి. ఖర్చులోనూ రెంటికీ పోలిక లేదు.